అమ్మమ్మ పేరు మాది, డాట్ కామ్ మాత్రం మాది కాదు

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మమ్మగారి పేరుతో 2016 నుంచి ఊరగాయలు, పొడులు తయారు చేసి అమ్ముతున్నాము. 2019లో ఆ పేరుకు 29, 30 తరగతులలో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ వచ్చింది. ఇప్పుడు సొంత వెబ్‌సైటు పెట్టుకుందామని చూస్తే, ఆ పేరుతో ఉన్న డాట్ కామ్ 2004 నుంచి అమెరికాలోని ఒక నృత్య పాఠశాల వద్ద ఉంది. డాట్ ఇన్ 2012లో ఎవరో తీసుకుని ఖాళీగా ఉంచారు. మేము అడిగితే నాలుగు లక్షలు చెప్పారు. ఇవి చాలవన్నట్టు, గత సంవత్సరం ఇంకెవరో మా పేరుకు ‘పికిల్స్’ అనే మాట చేర్చి మరో డాట్ కామ్ తీసుకుని, మా సీసాల ఫొటోలే పెట్టి ఆర్డర్లు తీసుకుంటున్నారు. ట్రేడ్‌మార్కులకు తరగతులు ఉన్నట్లే డొమైన్ పేర్లకూ తరగతులు పెట్టి, ఎవరి తరగతిలో వారికి పేరు కేటాయిస్తే ఈ గొడవే ఉండదు కదా? ప్రభుత్వం రిజిస్టరు చేసిన పేరు మాకు ఎందుకు దక్కదు? దయచేసి మా పేరు ప్రచురించవద్దు.

జవాబు: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. ఈ ఏర్పాటు ఇలా ఎందుకు ఉందన్నది ఒకటి, మీ పేరు చుట్టూ చేరిన మూడు చిరునామాల విషయంలో ఏమి చేయాలన్నది రెండవది. మొదటిది తేలకుండా రెండవదానికి నేను చెప్పే సలహా మీకు అన్యాయంగా తోచవచ్చు గనుక ముందు దానినే విడమరచి చెబుతాను.

ట్రేడ్‌మార్క్ ధ్రువపత్రం మీకు ఇచ్చేది, ఆ మాటను కొన్ని సరుకులకు గుర్తుగా భారతదేశంలో వాడుకునే హక్కును మాత్రమే. నీస్ వర్గీకరణ అనే అంతర్జాతీయ పద్ధతిలో సరుకులకు 34, సేవలకు 11, మొత్తం 45 తరగతులు ఉన్నాయి. మీ ఊరగాయలు 29లోకి, పొడులు 30లోకి వచ్చాయి. నృత్యం నేర్పడం 41వ తరగతికి చెందిన సేవ. మీ అమ్మమ్మగారి పేరు తెలుగునాట ఎందరో స్త్రీలకు ఉన్న పేరు కాబట్టి, అదే పేరుతో కరీంనగర్‌లో ఒకరు కోచింగ్ సెంటరు నడపవచ్చు, సూరత్‌లో మరొకరు చీరలు అమ్మవచ్చు, డల్లాస్‌లో ఇంకొకరు కూచిపూడి నేర్పవచ్చు. దేశమంతటా పేరు మోసిన కొద్దిపాటి మార్కులకు చట్టం తరగతులను దాటిన రక్షణ కూడా ఇస్తుంది గాని, మీది ఇంకా ఆ స్థాయికి చేరలేదు. మీ పేరునే వాడే ఆ ముగ్గురిలో ఎవరూ మీ హక్కును హరించినట్లు కాదు, మీరూ వారి హక్కును హరించినట్లు కాదు. సరుకు వేరు, ఊరు వేరు, కొనేవారు వేరు అయినంతకాలం ఒక మాటను ఎందరైనా పంచుకోవచ్చన్నదే ట్రేడ్‌మార్క్ చట్టానికి ఆధారం.

డొమైన్ పేరుకు ఈ పంపకం తెలియదు. డాట్ కామ్ అనే శాఖ కింద ఒక మాట ఒక్కసారే ఉండగలదు, ఎందుకంటే ఆ పేరు టైపు చేసినప్పుడు కంప్యూటరు వెళ్లవలసిన చోటు ఏదో అనుమానం లేకుండా తేలాలి. మన ఊళ్లలో ఒకే పేరున్న ఇద్దరిని కొట్టు సుబ్బారావు, పోస్టాఫీసు సుబ్బారావు అని వేరు చేసి పిలుచుకుంటాము. డొమైన్ వ్యవస్థ మాత్రం ముందు వచ్చిన సుబ్బారావుకే ఆ పేరు ఇచ్చి, తరువాత వచ్చినవారిని మరొక మాట చేర్చుకుని రమ్మంటుంది. అందువల్లనే డెల్టా డాట్ కామ్ విమానయాన సంస్థ వద్ద ఉంటే, అదే పేరుతో కుళాయిలు తయారు చేసే సంస్థ డెల్టా ఫాసెట్ డాట్ కామ్ అని తన సరుకు పేరు చేర్చుకుంది. మెర్క్ అనే పేరుపై జర్మనీ, అమెరికా సంస్థలు రెండింటికీ చెరో భూభాగంలో హక్కు ఉంది. అంతటి జర్మన్ సంస్థ కూడా మెర్క్ గ్రూప్ డాట్ కామ్‌తో సరిపెట్టుకుంది, ఎందుకంటే మెర్క్ డాట్ కామ్ అమెరికా సంస్థది.

తరగతులవారీగా విభజించాలన్న ఆలోచన మీకు వచ్చినట్లే ఈ వ్యవస్థను నడిపినవారికీ వచ్చింది. ఇది కొత్త ఆలోచన కాదని చెప్పి మిమ్మల్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. తెలివైనవారు దీనిని పలుమార్లు ప్రయత్నించి ఎక్కడ ఆగిపోయారో తెలిస్తే మీ దారి సుగమం అవుతుందని చెబుతున్నాను. 1984లో శాఖలను ఏర్పరచినప్పుడే వ్యాపారానికి కామ్, విద్యాసంస్థలకు ఈడీయూ, ప్రభుత్వానికి గవ్ అంటూ సంస్థ స్వభావాన్ని బట్టి విభజించారు. వ్యాపారమంతా ఒకే శాఖలోకి వచ్చి పడుతుందని, ఆ శాఖలో ఎవరు చేరినా అడిగేవారుండరని అప్పుడు ఊహించలేదు. పేర్ల కేటాయింపును చాలాకాలం చూసిన జాన్ పోస్టెల్ 1994లో వ్రాసిన పత్రంలో, డొమైన్ పేరు నమోదు చేసుకున్నంత మాత్రాన ట్రేడ్‌మార్క్ హోదా రాదని, పేరుపై తగాదా వస్తే నమోదు చేసే సంస్థ ఇరుపక్షాలకూ ఒకరి వివరాలు మరొకరికి ఇవ్వడం తప్ప మరేమీ చేయదని స్పష్టం చేశారు. అంటే తీర్పు చెప్పే పని మొదటినుంచీ వ్యవస్థ బయటే ఉంది.

1997లో ఒక అంతర్జాతీయ సంఘం కామ్ మీది ఒత్తిడి తగ్గించడానికి ఫర్మ్, షాప్, వెబ్, ఆర్ట్స్, రెక్, ఇన్ఫో, నామ్ అనే ఏడు కొత్త శాఖలను ప్రతిపాదించింది. దుకాణానికి ఒకటి, కళలకు ఒకటి, వ్యక్తుల పేర్లకు ఒకటి ఉంటే మీరు కోరిన సర్దుబాటు కొంతవరకు జరిగేదేమో. అయితే పెద్ద బ్రాండ్ల యజమానులు దీనిని తమకు ఇచ్చిన గది లాగా చూడలేదు, కాపలా కాయవలసిన మరో ఏడు తలుపుల లాగా చూశారు. శాఖ పెరిగినప్పుడల్లా తమ పేరును ఎవరో కాజేయక ముందే తామే కొనిపెట్టుకోవలసి వస్తుందన్న వారి భయం అర్థం లేనిది కాదు. ఆ ప్రణాళిక ఆ రూపంలో అమలు కాలేదు.

దేశాల శాఖలలోనూ ఇటువంటి ప్రయత్నాలు జరిగాయి. ఫ్రాన్స్ తన ఎఫ్ఆర్ కింద ట్రేడ్‌మార్కుల కోసమే టీఎం అనే ఉపశాఖను పెట్టింది. బ్రిటన్ కంపెనీల రిజిస్టరులో ఉన్న పేర్లకు మాత్రమే ఎల్‌టీడీ, పీఎల్‌సీ అనే ఉపశాఖలను ఇచ్చింది. పేరు, హక్కు రెండూ సరిచూసి ఇచ్చే ఆ చిరునామాలు, ఎవరికైనా ఇచ్చే సీఓ డాట్ యూకే ముందు నిలవలేకపోయాయి. మన దేశంలో కూడా సీఓ డాట్ ఇన్‌తో పాటు ఫర్మ్ డాట్ ఇన్, జెన్ డాట్ ఇన్, ఇండ్ డాట్ ఇన్ ఇప్పటికీ ఉన్నాయి. వాటితో ముగిసే చిరునామా ఒకటైనా మీకు గుర్తుందా? కొనేవాడు మీ సీసా మీది పేరు గుర్తుపెట్టుకుంటాడు గాని, ఆ సరుకు 29వ తరగతి కిందికి వస్తుందని గుర్తుపెట్టుకోడు. నా ఉద్దేశంలో ఈ పథకాలు వీగిపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

ఇంకొక కారణం కూడా ఉంది. తగాదాలు తీర్చే మధ్యవర్తులు, ట్రేడ్‌మార్కునూ డొమైన్ పేరునూ పోల్చేటప్పుడు చివరి శాఖను సాధారణంగా లెక్కలోకే తీసుకోరు. 2013లో కొత్త శాఖలు పెద్ద సంఖ్యలో తెరుచుకున్నప్పుడు ట్రేడ్‌మార్క్ యజమానుల కోసం, డొమైన్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ అనే సంస్థ ఏర్పాటు చేసిన క్లియరింగ్‌హౌస్ అనే జాబితా కూడా తరగతిని చూడలేదు. అందులో చేరిన మార్కుకు, వాడుకలో ఉన్నట్లు రుజువు చూపితే, కొత్త శాఖ జనానికి తెరిచే ముందు కనీసం 30 రోజుల ముందస్తు అవకాశం ఇస్తారు. అది ఊరగాయల మార్కు అయినా ఉక్కు మార్కు అయినా ఒకటే. విభజనను గుర్తించవలసిన చోటే దానిని గుర్తించనప్పుడు పేరుకు తరగతులు పెట్టి లాభం ఉండదు.

విభజన ఫలించిన చోటు లేకపోలేదు, అది మన హైదరాబాదుతో ముడిపడి ఉండడం చెప్పుకోదగినది. బ్యాంకుల పేరుతో జరిగే మోసాలను అరికట్టడానికి రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంక్ డాట్ ఇన్ అనే ఉపశాఖను భారతీయ బ్యాంకులకు మాత్రమే ప్రత్యేకించింది. దానిలో పేర్లు నమోదు చేసే ఏకైక సంస్థ, అంటే రిజిస్ట్రారు, హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ. అక్కడ ఇది సాధ్యపడటానికి కారణం, ఎవరు బ్యాంకో తేల్చే లైసెన్సు ఒకే సంస్థ చేతిలో ఉండడం. ట్రేడ్‌మార్కుల విషయంలో ఆ సౌలభ్యం లేదు. ప్రతి దేశానికీ తన రిజిస్టరు, ప్రతి రిజిస్టరులో 45 తరగతులు, ఒకే తరగతిలో నిజాయితీగా ఒకే పేరు వాడుతున్న ఇద్దరికి కూడా రిజిస్ట్రేషన్ ఇవ్వడానికి మన 1999 నాటి చట్టంలో 12వ సెక్షన్, ఇవి కాక రిజిస్టరే కాకుండా ఏళ్ల తరబడి వాడుకతో హక్కు సంపాదించుకున్నవారు. వీరందరినీ ఒక వరుసలో కూర్చోబెట్టే పట్టిక ఎవరూ గీయలేకపోయారు.

అందుచేత ప్రపంచం వేరే దారి పట్టింది. పేర్లను ముందుగా పంచడం మానేసి, దుర్బుద్ధితో తీసుకున్న పేరును తరువాత లాక్కునే ఏర్పాటు చేసుకుంది. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ సిఫారసులపై ఐకాన్ 1999లో ఆమోదించిన యూడీఆర్‌పీ అనే విధానం డాట్ కామ్ వంటి శాఖలన్నిటికీ వర్తిస్తుంది. మన దేశంలో 2005లో డాట్ ఇన్‌ను అందరికీ తెరిచినప్పుడు ముందుగా ట్రేడ్‌మార్క్ యజమానులకు కొద్ది రోజుల అవకాశం ఇచ్చి, నిక్సీ అనే సంస్థ ఆధ్వర్యంలో ఐఎన్‌డీఆర్‌పీ అనే ఇటువంటి విధానాన్నే పెట్టారు. కోర్టులు అంతకు ముందే దారి చూపాయి. 1999లో యాహూ కేసులోనూ, 2001లో మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ పేరును పోలిన చిరునామా కేసులోనూ ఢిల్లీ హైకోర్టు, డొమైన్ పేరుతో ఒకరి వ్యాపారాన్ని మరొకరిదిగా చలామణీ చేయడం చెల్లదన్నది. 2004 మే 6న సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని స్థిరపరిచింది. డొమైన్ పేర్లకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేకపోయినా ట్రేడ్‌మార్క్ చట్టం పరిధిలోనే వాటికి రక్షణ ఉందని, అయితే ట్రేడ్‌మార్క్ దేశపు హద్దులకు లోబడి ఉంటుందని, డొమైన్ పేరుకు ఆ హద్దు లేదని న్యాయమూర్తి రూమా పాల్ ఆ తీర్పులో వివరించారు. మీ ఇబ్బందికి మూలం ఆ తేడాలోనే ఉంది.

ఇక మీ మూడు చిరునామాల సంగతికి వస్తాను. మూడింటినీ మీరు ఒకే కోపంతో చూస్తున్నారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది గాని, చట్టం దృష్టిలో అవి మూడు వేర్వేరు విషయాలు.

నృత్య పాఠశాల జోలికి వెళ్లవద్దు. మీ వ్యాపారం పుట్టడానికి పన్నెండేళ్ల ముందు నుంచి వారు ఆ పేరును నిజమైన పని కోసం వాడుతున్నారు. యూడీఆర్‌పీ కింద గెలవాలంటే ఆ పేరు మీ మార్కును పోలి ఉందని, వారికి దానిపై న్యాయమైన ప్రయోజనం లేదని, దుర్బుద్ధితోనే తీసుకుని వాడుతున్నారని మూడూ మీరే రుజువు చేయాలి. మొదటిది తప్ప మిగిలినవి రెండూ ఇక్కడ నిలవవు. అంతే కాక, హక్కు లేదని తెలిసీ ఫిర్యాదు చేస్తే, అది ఎదుటివారి పేరును లాక్కునే దురుద్దేశపు ప్రయత్నమని మధ్యవర్తి తన నిర్ణయంలో వ్రాయవచ్చు. ఆ నిర్ణయాలు ప్రచురితమవుతాయి. ఎవరైనా వకీలు నోటీసు పంపుదామని సలహా ఇచ్చినా మానుకోండి. దానికి బదులు, మీ అమ్మమ్మగారి కథ రెండు మాటల్లో చెబుతూ, ఊరగాయల కోసం పొరపాటున అక్కడికి వచ్చినవారికి మీ చిరునామా చూపే ఒక్క వాక్యం తమ పేజీలో పెట్టగలరా అని మర్యాదగా ఒక ఉత్తరం వ్రాయండి. స్క్రాబుల్ ఆట హక్కులు అమెరికా, కెనడాలలో ఒక కంపెనీకి, మిగతా ప్రపంచంలో మరో కంపెనీకి ఉన్నప్పుడు, ఒకే చిరునామాలో ప్రవేశపు పేజీ పెట్టి వచ్చినవారిని వారి వారి దేశాన్ని బట్టి పంపిన ఉదాహరణ ఉంది. ఇటువంటి సర్దుబాటును ఏ చట్టమూ వారిపై రుద్దలేదు గాని, అడిగితే తప్పు లేదు.

డాట్ ఇన్ విషయం అంత తేలిక కాదు. ఐఎన్‌డీఆర్‌పీలో దుర్బుద్ధితో నమోదు చేసినా సరే, దుర్బుద్ధితో వాడినా సరే అని ఉంది. యూడీఆర్‌పీలో లాగా రెండూ రుజువు చేయనక్కరలేదు. అది మీకు కొంత అనుకూలం. అయినా 2012లో మీ మార్కు లేదు, ఆ పేరు మీదని ఊహించి తీసుకోవడానికి వారికి వీలే లేదు. మామూలు స్త్రీ పేరు ఎందరికో పనికి వస్తుంది గనుక, ఎవరో ఒకరు అడుగుతారన్న ఆశతో ఉంచుకోవడం మనకు నచ్చకపోవచ్చు గాని అది దానంతట అది దుర్బుద్ధి కాదు. ధర చెప్పారనేది కూడా, ముందు అడిగింది మీరే కాబట్టి, పెద్ద రుజువు కాదు. రెండు విషయాలు మాత్రం పరిశీలించండి. ఆ పేరు 2019 తరువాత చేతులు మారి ఉంటే, కొత్త యజమాని తీసుకున్న తేదీయే లెక్కలోకి వస్తుంది, అప్పుడు మీ వాదనకు బలం చేకూరుతుంది. అలాగే ఆ ఖాళీ పేజీలో ఎప్పుడైనా ఊరగాయల ప్రకటనలు కనిపిస్తే, అవి మీ మార్కు పేరుతో సొమ్ము చేసుకుంటున్నట్లు చూపుతాయి. కనిపించిన రోజునే తేదీతో సహా భద్రపరచండి. ఈ రెండూ లేకపోతే బేరమాడండి లేదా వదిలేయండి. ఏడాదికి కొన్ని వందల రూపాయలతో నడిచే పేరుకు నాలుగు లక్షలు పెట్టడం మీ స్థాయి వ్యాపారానికి తగదని నా అభిప్రాయం. కొనక తప్పదనుకుంటే ఎస్క్రో పద్ధతిలో, అంటే పేరు మీ ఖాతాలోకి వచ్చేవరకు సొమ్ము మూడవ పక్షం వద్ద ఉండే పద్ధతిలో మాత్రమే కొనండి.

మూడవదాని విషయంలో ఒక్క వారం కూడా ఆలస్యం చేయవద్దు. మీ మార్కు పూర్తిగా అందులో ఉంది, చేర్చిన మాట మీ సరుకు పేరే, ఫొటోలు మీవి, నమోదు చేసింది మీ రిజిస్ట్రేషన్ వచ్చిన ఎన్నో ఏళ్లకు. దుర్బుద్ధికి ఇంతకన్నా స్పష్టమైన నమూనా అరుదుగా దొరుకుతుంది. ముందుగా ఆ సైటులోని ప్రతి పేజీని, ఆర్డరు పెట్టి డబ్బు కట్టే దశ వరకు, తేదీ కనిపించేలా భద్రపరచండి. కోర్టుకు వెళ్లవలసి వస్తే ఈ ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువీకరణ జతపరచాలి. వీలైతే ఒక సీసా తెప్పించి, బిల్లుతో సహా ఉంచండి. ఆ ఫొటోలలో మీ సీసా మీది 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు కనిపిస్తుంటే ఆహార భద్రత అధికారులకు వెంటనే తెలియజేయండి, ఎందుకంటే ఆ సరుకు తిని ఎవరైనా జబ్బు పడితే ముందుగా ప్రశ్నించేది మిమ్మల్నే. డబ్బు కట్టి మోసపోయిన కొనుగోలుదారులు మీకు ఫోను చేస్తే, సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫిర్యాదు చేయమని వారికి చెప్పండి.

ఆ తరువాత మీ ముందు రెండు దారులు ఉంటాయి. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ కేంద్రంలో యూడీఆర్‌పీ ఫిర్యాదు వేస్తే, ఒక్క మధ్యవర్తి ముందు విచారణకు రుసుము 1,500 డాలర్లు. ఎదుటివారికి జవాబు చెప్పడానికి 20 రోజులు ఇస్తారు, మొత్తం వ్యవహారం సాధారణంగా రెండు నెలల్లో ముగుస్తుంది. యజమాని వివరాలు దాచి ఉంచినా, ఫిర్యాదు వేశాక రిజిస్ట్రారు వాటిని ఆ కేంద్రానికి తెలియజేస్తారు. అయితే అక్కడ దక్కేది పేరు బదిలీ లేదా రద్దు మాత్రమే, నష్టపరిహారం ఉండదు. రెండవది సివిల్ దావా. రిజిస్టరైన మార్కు ఉల్లంఘనకు, ట్రేడ్‌మార్క్ చట్టం 134వ సెక్షన్ ప్రకారం, మీరు వ్యాపారం చేసే చోటనే, జిల్లా స్థాయికి తగ్గని కోర్టులో దావా వేయవచ్చు కాబట్టి ఎదుటివారు ఉన్న ఊరికి తిరగనక్కరలేదు. తాత్కాలిక ఉత్తర్వు, నష్టపరిహారం, మీ ఫొటోలపై కాపీరైటు అన్నీ అందులో కలిపి అడగవచ్చు. మోసం చేస్తున్నవారు మన దేశంలోనే ఉన్నారని, వారి వివరాలు తెలిశాయని తేలితే నేను దావానే ఎంచుకుంటాను. వారు ఎక్కడున్నారో తెలియకపోతే యూడీఆర్‌పీ మేలు.

ఇక మీ సొంత చిరునామా. అమ్మమ్మగారి పేరు వెంట ఊరగాయలు అనే మాటో, తెనాలి అనే మాటో చేర్చుకోండి. కుళాయిల డెల్టా చేసింది అదే. ఇంగ్లీషు అక్షరాలలో ఊరగాయను జనం రెండు మూడు రకాలుగా వ్రాస్తారు, అవన్నీ ఒకేసారి తీసుకుని ఒక్కదానికే మళ్లించండి. తెలుగు లిపిలో డాట్ భారత్ శాఖ కూడా ఉంది. సీసా మీద అమ్మమ్మగారి పేరు తెలుగులోనే వ్రాస్తూ ఉంటే ఆ పేరును ఆ లిపిలో కూడా తీసుకోండి. కొన్ని ఈమెయిల్ వ్యవస్థలు, ఫారాలు తెలుగు చిరునామాను ఇంకా సరిగా స్వీకరించవు కాబట్టి దాని మీదనే ఆధారపడవద్దు. ట్రేడ్‌మార్క్ గడువు పదేళ్లకు తీరుతుంది, డొమైన్ గడువు తరచుగా ఏడాదికే తీరుతుంది. దానిని నాలుగైదేళ్లకు ఒకేసారి కట్టేయండి.

చివరగా, నా వద్దకు వచ్చే తగాదాలలో సగం ఇందువల్లే వస్తున్నాయి గనుక చెబుతున్నాను: పేరు నమోదు చేసేటప్పుడు వెబ్‌సైటు తయారు చేసే కుర్రవాడి ఖాతాలో కాకుండా మీ సొంత పేరుతో, మీ సొంత ఈమెయిల్‌తో, మీ ఫోను నంబరుతో చేయించుకోండి. ఆ ఖాతా పాస్‌వర్డు మీ వద్దా, ఇంట్లో మరొకరి వద్దా ఉండాలి.